జనం పడని మామయ్య

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు మా మున్సిపాలిటీ వాళ్లు పాత మార్కెట్టు భవనానికి సున్నం కొట్టించి, ఇక్కడ ఆరోగ్య కేంద్రం పెడతామని బోర్డు తగిలించారు. బోర్డయితే తగిలించారు గానీ లోపల ఏం పెట్టాలో ఎవరికీ తెలియదు. ఊళ్లో జనాన్ని అడిగి, ముందు ఏది కావాలో, ఏది ఆగినా ఫరవాలేదో తేల్చే పని నా నెత్తిన పడింది. నేను అక్కడ ఆరోగ్య విభాగంలో పనిచేస్తాను. ఉద్యోగం పేరు పలకడానికే నోరు తిరగదు గానీ చేసే పని చాలా సులువు. గొడుగేసుకుని వీధి వీధీ తిరగాలి, కుర్చీలు వేయించాలి, "మీకేం కావాలి" అని అడగాలి.

మాది పట్నం అంచున పెరిగిన ఊరు. ఒక పక్క కొత్త అపార్టుమెంట్లు, ఇంకో పక్క రేకుల షెడ్లలో వర్క్‌షాపులు, మధ్యలో మాలాంటి వాళ్ల ఇళ్లు. పొద్దున్నే సగం ఊరు బస్సెక్కి పట్నం పోతుంది, చీకటి పడ్డాక దిగుతుంది. జబ్బు చేసినా ఆ బస్సే ఎక్కాలి. అందుకని ఆరోగ్య కేంద్రం అనేసరికి మీటింగులకి జనం బాగానే వచ్చారు. వచ్చి దోమల గురించి చెప్పారు. కుక్కల గురించి చెప్పారు. రోడ్డు మీది గుంటలో పడి తన నడుం విరిగింది కాబట్టి రోడ్డు కూడా ఆరోగ్యం కిందికే వస్తుందని ఒకాయన చాలాసేపు వాదించాడు. ఆయన మాట తీసిపారేయడానికి లేదు. కానీ మార్కెట్టు భవనంలో రోడ్డు వేయలేం కదా.

మా కమిటీకి చైర్మన్ గారు పెద్ద. రిటైరైన ఇంజనీరు. ఊరికి ఏదైనా చేయాలన్న తపన ఉన్న మనిషి. ఆయన మనసంతా స్కానింగ్ మిషను మీద ఉంది. "పట్నానికి తీసిపోని మిషను పెడదామమ్మా, పదికాలాల పాటు చెప్పుకుంటారు" అనేవారు. షుగరు, బీపీ పరీక్షలకీ, పిల్లల టీకాలకీ ముందువైపు గదులు సరిపోతాయి. వెనకవైపు ఒకే ఒక్క పెద్ద గది ఉంది. ఆయన లెక్కలో ఆ గది మిషనుది.

కమిటీలో డాక్టరమ్మ కూడా ఉండేది, మా ఊళ్లో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్న ఆవిడ. ఒకరోజు మీటింగయ్యాక కుర్చీలు మడత పెడుతుంటే నా దగ్గరికొచ్చింది.

"అందరూ కలిసి కూర్చున్నచోట ఆడవాళ్లు తలలూపుతున్నారు తప్ప నోరు విప్పట్లేదు, గమనించావా?" అంది. "వాళ్లకి విడిగా పెట్టి చూడు. చిన్న గదిలో. మైకు వద్దు."

సరే చూద్దామనుకున్నాను.

ఇంట్లో మేం నలుగురం. నేను, మా ఆయన, అత్తయ్య, మామయ్య. మా ఆయన పట్నంలో ప్రింటింగ్ ప్రెస్సులో పని. మామయ్య లిఫ్టు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. పనిలో ఉన్నన్నాళ్లూ ఊరందరినీ పైకీ కిందికీ తిప్పిన మనిషి, రిటైరయ్యాక తను మాత్రం గుమ్మం దాటేవారు కాదు. కూరగాయలకి వెళ్తే వెళ్లినట్టే వచ్చేసేవారు. చుట్టాలింట్లో ఏ శుభకార్యమైనా ఆయన సమాధానం ఒకటే.

"నాకు జనం పడదమ్మా. మీరు వెళ్లి రండి. ఇది నాకు తోడుంటుంది."

'ఇది' అంటే అత్తయ్య. ఆవిడ ఏమీ అనేది కాదు. మేం బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చి, నా బట్టల మడతలు సవరించి, "అందరినీ అడిగానని చెప్పు" అనేది. నాకు లోపల మండిపోయేది. ఆయన మొండితనానికి ఈవిడ ఎందుకు బలి కావాలి? మీరైనా రండి అత్తయ్యా అని నేనెన్నోసార్లు అడిగాను. "ఆయన్ని వదిలి ఎలా వస్తానే" అని లోపలికెళ్లిపోయేది. మా ఆయనతో అంటే, "నాన్న అంతే. ఎన్నో ఏళ్లనుంచి చూస్తున్నాగా" అని పేపరు తిరగేసేవాడు. మామయ్య మాత్రం కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వీధిలో పోయే మనిషినల్లా మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చునేవారు.

మా వీధి ఆడవాళ్ల మీటింగు పెట్టిన రోజున పొద్దుటినుంచీ వాన వదల్లేదు. కమ్యూనిటీ హాలు పైకప్పు కారి నేలంతా మడుగైంది. వచ్చిన వాళ్లని వెనక్కి పంపలేక నేను దిక్కులు చూస్తుంటే టైలరమ్మ అంది:

"మీ ముందుగది పెద్దదేగా? నడవండి, వానలో ఇక్కడ నిలబడి ఏం చేస్తాం?"

మామయ్య ఏమంటారోనని భయపడుతూనే ఇంటికొచ్చి అడిగాను. ఆయన వెంటనే లేచి, గొడుగు తీసుకుని, "ఆడవాళ్ల మీటింగులో నేనెందుకు? టీ కొట్టు దగ్గర కూర్చుంటాను" అని వెళ్లిపోయారు. నాకు ఆశ్చర్యమేసింది.

ముందుగది నిండిపోయింది. మంచం మీద కొందరు, చాప మీద కొందరు. టైలరమ్మ, రిటైరైన టీచరమ్మ, డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన బస్సు కండక్టరు, చంటిపిల్లని ఒళ్లో వేసుకున్న పక్కింటి అమ్మాయి, ఇంకా వీధిలో వాళ్లు. డాక్టరమ్మ కుర్చీ వద్దని చాప మీదే కూర్చుంది. మాటలు మామూలుగానే నడిచాయి. మళ్లీ దోమలు. మళ్లీ కుక్కలు. నాకు నీరసమొచ్చేసింది.

అత్తయ్య టీ కప్పుల ట్రేతో వచ్చేసరికి కండక్టరు ఏదో చెబుతోంది. ఆ రోజు బస్సులో ఒకాయన, తను సీటు దొరక్క నిలబడే వచ్చాడు కాబట్టి సగం టికెట్టే ఇవ్వమన్నాడట. "మరి మీ కాళ్లు రెండూ ఎక్కాయి కదండీ, ఒకటి కిందే ఉండిపోతే సగం ఇద్దును అన్నాను" అంది. గదంతా ఘొల్లుమంది. అత్తయ్య కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ట్రే నా చేతుల్లో పెట్టేసి గబగబా లోపలికెళ్లింది.

తిరిగొచ్చేటప్పటికి ఆవిడ ఒంటి మీద వేరే బట్టలున్నాయి. తలుపు పట్టుకుని నిలబడింది.

"డాక్టరమ్మా, ఒకటి అడగనా?"

"అడగండమ్మా."

"నేనిప్పుడు లోపలికెళ్లి బట్టలు మార్చుకొచ్చాను. నవ్వితే నాకు మూత్రం ఆగదు. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా అంతే. మావాడు పుట్టినప్పటినుంచీ ఉంది. అప్పట్లో కొంచెం కొంచెంగా ఉండేది. ఇప్పుడు ఎక్కడికైనా వెళ్లాలంటే అక్కడ బాత్రూం ఎటువైపుందో ముందే తెలియాలి. తెలియకపోతే వెళ్లను. దీనికి మీ కేంద్రంలో ఏమైనా చేస్తారా? లేకపోతే లేదని చెప్పండి, నేనేం అనుకోను."

ఇంటికి సరుకులేం కావాలో చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. చేతులు మాత్రం తలుపుని వదల్లేదు.

నేను ట్రే చాప పక్కన పెట్టేశాను. ఒకే ఇంట్లో ఇన్నేళ్లుగా కలిసి ఉంటున్నా ఈ సంగతి నాకు తెలియలేదు.

మొదట మాట్లాడింది కండక్టరే. ఇందాకటి నవ్వు ఆవిడ మొహంలో లేదు.

"నేను బస్సెక్కానంటే దిగేదాకా నీళ్లు ముట్టనండి" అంది. "ఎండాకాలంలో కళ్లు తిరుగుతాయి. అయినా ముట్టను."

"నా కుర్చీలో మెత్త కింద ప్లాస్టిక్ కవరుంటుంది" అంది టైలరమ్మ, గోడకేసి చూస్తూ.

టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నేను ముందే రిటైర్మెంటు తీసుకున్నది మోకాళ్ల నొప్పులకని అందరికీ చెప్పాను. నా మోకాళ్లు శుభ్రంగా ఉన్నాయి."

పక్కింటి అమ్మాయి ఒళ్లో పిల్లని అటూ ఇటూ మారుస్తూ, "కాన్పయ్యాక నా ఒక్కదానికే ఇలా అయిందనుకున్నాను పిన్నీ" అంటూ ఏడ్చేసింది. అత్తయ్య తలుపు వదిలి, వెళ్లి ఆ అమ్మాయి పక్కన చాప మీద కూలబడింది.

"నీ ఒక్కదానికే అయితే మేమంతా ఎవరమే?" అంది.

డాక్టరమ్మ అందరికీ నిదానంగా చెప్పింది. ఇది వయసుతో వచ్చే ఖర్మ కాదని, చాలామందికి లోపలి కండరాలకి వ్యాయామం నేర్పిస్తేనే తగ్గుముఖం పడుతుందని, కొందరికి మందులో ఆపరేషనో కావాలని. నేర్పడానికి మనిషి కావాలి. గడియ పెట్టుకోగల గది కావాలి. పక్కనే బాత్రూం ఉండాలి. అంతే. "ఇన్నేళ్లలో మీలో ఒక్కరు నాతో అనలేదే" అంది చివర్న.

"మీ దగ్గర జ్వరం సంగతి చెప్పేలోపే వెనకవాళ్లు తలుపు తోస్తుంటారు కదమ్మా" అంది అత్తయ్య.

అందరూ వెళ్లాక వంటింట్లో నేను కప్పులు కడుగుతుంటే ఆవిడ తుడుస్తోంది. అడగాలా వద్దా అని కొట్టుమిట్టాడి, చివరికి అడిగేశాను.

"మామయ్యకి తెలుసా అత్తయ్యా?"

"ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుందే?" అంది. ఒక కప్పు తుడిచి పెట్టి ఇంకోటి తీసుకుంది. "నువ్వీ ఇంటికి రాకముందు మాట. ఆయన స్నేహితుడింటికి వెళ్లాం. అక్కడ మాటల్లో నాకు దగ్గు తెర వచ్చింది. కుర్చీ తడిసింది. లేవాలంటే ఎలా లేవను? ఈయన చూశారు. చేతిలో మంచినీళ్ల గ్లాసుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ వచ్చి ఆ నీళ్లన్నీ నా ఒళ్లో ఒంపేశారు. 'చేతకాని వెధవని, చెయ్యి జారింది' అని అందరి ముందూ తనని తనే తిట్టుకున్నారు. ఇంటికొచ్చాక అన్నారు, ఇకమీదట ఎవరు పిలిచినా నాకు జనం పడదని చెబుతాను, నువ్వు నోరెత్తకు అని."

నేను కుళాయి కట్టేసి ఆవిడ వైపు తిరిగాను.

"ఆయనకా జనం పడనిది?" అని ఆవిడ నవ్వబోయి సర్దుకుంది. "లిఫ్టు ఎక్కిన ప్రతివాడి ఊరూ పేరూ కనుక్కునేవారు. పై అంతస్తు వచ్చినా దిగనిచ్చేవారు కాదట."

అప్పుడే మామయ్య తడిసిన గొడుగు గుమ్మంలో దులుపుతూ లోపలికొచ్చారు. "అయిందా మీ మీటింగు?" అన్నారు. నేను తువ్వాలు తెచ్చి చేతికిచ్చాను. అడక్కుండా నేను ఆయనకి తువ్వాలందించింది అదే మొదలు. ఆయన నావంకా తువ్వాలు వంకా చూసి, ఏమీ అర్థంకాక తల తుడుచుకున్నారు.

మిగతా వీధుల్లోనూ ఆడవాళ్లకి విడిగా మీటింగులు పెట్టాం. మొదట మేమే మాట కదిపేసరికి ప్రతిచోటా ఇదే సంగతి బయటికొచ్చింది. వెనకవైపు గది దీనికి ఇవ్వాలని డాక్టరమ్మా నేనూ కమిటీలో అడిగాం. చైర్మన్ గారు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలేనమ్మా. దీనికి గదెందుకు? సరే, ఊరి సభలో పెడదాం. ఎక్కువమంది ఏదంటే అది" అన్నారు.

ఊరన్నాక మాట ఆగదు. ఒక సాయంత్రం మా ఆయన వస్తూనే బ్యాగు విసురుగా పెట్టాడు.

"బస్సులో ఎవరో నన్నే అడిగారు. మీ ఇంట్లోనేగా మొదలైంది అని. అమ్మ సంగతి ఊరంతా చెప్పుకోవాలా? నీకు మీటింగు పెట్టుకోవడానికి మన ఇల్లే దొరికిందా?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "దాన్నేం అనకు. చెప్పింది నేను. నా ఒంటి సంగతి నేను చెప్పుకున్నాను."

"నాన్నా, మీరైనా..."

మామయ్య కిటికీ దగ్గరినుంచి లేచి వచ్చారు. "వాడి తప్పేం లేదు" అన్నారు అత్తయ్యతో. "వాడికి మనం ఎప్పుడైనా చెప్పామా?" తర్వాత కొడుకు పక్కన కూర్చుని, మెల్లగా మొత్తం చెప్పారు. జనం పడదన్న మాటతో సహా.

మా ఆయన నేలకేసి చూస్తూ, "ప్రెస్సులో నాకు బహుమతి ఇచ్చిన రోజు మీరు రాలేదు" అన్నాడు.

"వద్దామనే అనుకున్నాం రా. చొక్కా ఇస్త్రీ కూడా చేయించుకున్నాను. ఆ హాలు ఎలా ఉంటుందో మీ అమ్మకి తెలియదు కదా, ఆఖరి నిమిషంలో భయపడింది."

మా ఆయన లేచెళ్లి వాళ్లమ్మకి మంచినీళ్లు తెచ్చాడు. ఆవిడ అడగలేదు. అయినా తాగింది.

ఊరి సభ రోజు మున్సిపల్ హాలు కిటకిటలాడింది. టీకాలకీ, షుగరు పరీక్షలకీ, బస్సెక్కేవాళ్ల కోసం తెల్లవారే తలుపులు తెరవడానికీ అందరూ ఒక్క మాటతో సరేనన్నారు. మిగిలింది వెనకవైపు గది. స్కానింగ్ మిషను గురించి చైర్మన్ గారు కళ్లకి కట్టినట్టు చెప్పారు. జనం చేతులెత్తారు, చాలానే. తర్వాత ఆయన కాగితం చూస్తూ, "ఇంకోటి... ఆడవాళ్లకి... ఆ వ్యాయామాల గది. కావాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. మా ముందుగదిలో కూర్చున్న వాళ్లంతా అక్కడే ఉన్నారు. కానీ ఒకరి పక్కన మామగారు, ఇంకొకరి పక్కన ఎదిగిన కొడుకు. అందరూ తలలు దించుకున్నారు. వేదిక మీద ఉన్న నేను చెయ్యెత్తకూడదు. డాక్టరమ్మా అంతే. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు హాలు చివర, గోడ పక్కన, ఒక చెయ్యి లేచింది. మగ చెయ్యి. అందరూ వెనక్కి తిరిగారు. ఇస్త్రీ చొక్కాలో మామయ్య. ఆయన వస్తున్నట్టు నాకు చెప్పలేదు. పక్కన మా ఆయన. అతను తండ్రి వంక ఒకసారి చూసి తన చెయ్యి కూడా ఎత్తాడు.

"పెద్దాయనా, ఏ గది గురించో అర్థమైందా?" అని అడిగారు చైర్మన్ గారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

"అర్థమైందండి. మా ఆవిడ కూడా రావాల్సింది. ఎందుకు రాలేకపోయిందో దానికే కదా ఈ గది" అన్నారు మామయ్య.

ఎక్కడో చిన్నగా నవ్వు పుట్టింది. మంచి నవ్వే. కండక్టరు లేచి నిలబడి మరీ చెయ్యెత్తింది. టైలరమ్మ, టీచరమ్మ, పిల్లని భుజాన వేసుకున్న పక్కింటి అమ్మాయి. ఆ తర్వాత నేను వేదిక మీదినుంచి చూస్తుండగానే హాలంతా చేతులే. లెక్కపెట్టే పని లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే చైర్మన్ గారు మార్కెట్టు భవనానికి వచ్చారు. కోపంగా ఉంటారేమో అనుకున్నాను. ఆయన ఆ వెనకవైపు గదంతా కలియదిరిగి, మేస్త్రీని పిలిచి, "బెంచీలు లోపలివైపు వెయ్యి. కూర్చున్నవాళ్లు రోడ్డు మీదికి కనపడకూడదు. బాత్రూంకి లోపలినుంచే తలుపు పెట్టు" అన్నారు. నాతో, "మిషను సంగతి వచ్చే ఏడు చూద్దాంలేమ్మా" అన్నారు. బయట కార్లో వాళ్లావిడ కూర్చుని ఉంది. నన్ను చూసి అద్దం దించి, తల పంకించి, మళ్లీ ఎక్కించేసుకుంది. నేనూ తల ఊపాను.

వానలు తగ్గే వేళకి గది తెరిచారు. పట్నంనుంచి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. అత్తయ్యకి ఆ పిల్ల మీద మొదట్లో గురి కుదరలేదు. "కూర్చుని బిగపట్టి వదలమంటుంది. దీనికి చదువెందుకే?" అంది. కానీ మానలేదు. టీవీ చూస్తూ చేసేది, బియ్యం ఏరుతూ చేసేది. మధ్యలో, "ఇప్పుడు చేస్తున్నాను, మీకేమైనా తెలిసిందా?" అని మమ్మల్ని అడిగేది. తెలియలేదంటే తెగ సంతోషపడేది. ఒక్కసారిగా తగ్గిపోలేదు. కొన్నాళ్లు బాగుండి కొన్నాళ్లు మొదటికొచ్చేది. ఆ రోజుల్లో ఆవిడ మొహం చూడలేకపోయేవాళ్లం. ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి నేర్పేది. ఆ పిల్ల ఓపిక గురించి ఎంత చెప్పినా తక్కువే.

చలి ముదిరే ముందు ఒక ఆదివారం అత్తయ్య మా ఆయనతో అంది: "మీ నాన్నకి సముద్రం చూడాలనుందట రా. పెళ్లికి ముందునుంచీ ఉందట. నిన్ననే చెప్పారు నాకు."

మా కండక్టరు డ్యూటీలో ఉన్న బస్సే ఎక్కించాం. బస్సు దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎక్కడ బాత్రూం బాగుంటుందో ఆవిడ అత్తయ్యకి ముందే వివరంగా చెప్పి పెట్టింది. వాళ్లని దింపి తిరిగి వచ్చాక కండక్టరే మా ఇంటికొచ్చి చెప్పింది. "మీ మామయ్య దిగేలోపు బస్సులో అందరితో చుట్టరికం కలిపేశారు. నేను టికెట్లు కొట్టాలా, ఆయన మాటలు వినాలా? మీ అత్తయ్య ఒక్కచోట కూడా కంగారుపడలేదు. నీళ్లు కూడా తాగింది, నేను చూశాను."

మూడు రోజుల్లో వస్తామన్నవాళ్లు రాలేదు. నాలుగోనాడు ఫోను. వెనక ఒకటే హోరు, ఆ హోరు మీదుగా మామయ్య ఎవరినో ఏ ఊరు బాబూ అని అడుగుతున్న గొంతు.

"మేం ఇంకొన్నాళ్లుండి వస్తామే" అంది అత్తయ్య. "ఇక్కడ ఈయనకి పడవలవాళ్లతో స్నేహం కుదిరింది. కదలమంటే కదలట్లేదు. మీకేం ఇబ్బంది లేదు కదా?"

"ఏం లేదత్తయ్యా. మీ ఇష్టం వచ్చినన్నాళ్లు ఉండండి."

ఫోను పెట్టేశాక మా ఆయనా నేనూ ముందుగదిలో కూర్చున్నాం. పెళ్లయ్యాక ఆ ఇంట్లో మేమిద్దరమే ఉండటం అదే మొదటిసారి అని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ. వంటింట్లో అలికిడి లేదు. ఏ గదిలోకి చూసినా ఎవరూ లేరు.

ఇల్లు అలా బోసిగా ఉంటే మనిషికి దిగులు వేయాలి. నాకు కడుపు నిండినట్టుగా ఉంది.